జేబు సోదా

సాయంత్రం నేను బడి నుంచి ఇంటికి రాగానే మా ఆవిడ నా మొహం కన్నా ముందు నా చొక్కా జేబు చూసేది. నేను చొక్కా విప్పి గోడకున్న మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళేవాణ్ణి. నీళ్ళ చప్పుడు వినబడగానే ఆవిడ జేబులోకి రెండు వేళ్ళు పోనిచ్చి అడుగంతా తడిమేది. తర్వాత ఆ వేళ్ళు వాసన చూసుకునేది. తీపి వాసన తగిలితే ఆ రోజుకి నా పని అయిపోయినట్టే. తగలకపోయినా అయిపోయినట్టే, ఎందుకంటే అప్పుడు నేను జేబు దులుపుకుని వచ్చానని అర్థం. పెరటి తలుపు సందులోంచి ఇదంతా నాకు కనబడుతూనే ఉండేది. నేను చూడనట్టు లోపలికి వచ్చి మొహం తుడుచుకునేవాణ్ణి. ఆవిడ ఏమీ చేయనట్టు స్టవ్వు దగ్గరికి వెళ్ళిపోయేది.

తొంభైల చివరి మాట ఇది. మేము నందిగామలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నేను జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కి వెళ్ళడం, సాయంత్రం మళ్ళీ అదే ఎక్కి రావడం. నందిగామ నుంచి పేట దాకా ఉన్న ఆ రోడ్డు మీద ఎన్ని మిఠాయి కొట్లున్నాయో, చెరకురసం బళ్ళు ఎక్కడెక్కడ నిలబడతాయో, రోజూ తిరిగే నాకన్నా ఇంట్లో ఉండే ఆవిడకే బాగా తెలుసు. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగినప్పుడు మనిషి దిగి ఒక లడ్డూ తిని మళ్ళీ ఎక్కేంత టైము ఉంటుందా ఉండదా అని ఆవిడ కండక్టరునే అడిగింది. ఆ కండక్టరు నవ్వుతూ నాకే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సంగతేమిటంటే, ఆ ఏడాది కొత్త చెప్పు కరిచి నా కుడికాలి బొటనవేలి పక్కన చిన్న పుండు పడింది. అదే మానుతుందిలే అని పసుపు రాశాం. మానలేదు. తర్వాత ఏదో ఆయింట్‌మెంటు రాశాం. అయినా మానకపోగా చుట్టూ నలుపు తిరిగింది. నందిగామలో డాక్టరు గారు రక్తం పరీక్ష చేయించి సుగరు అని తేల్చారు. ఆయన మంచివాడే గానీ మాట మెత్తన కాదు. "మాత్రలు వేసుకుంటే చాలదు మాస్టారూ. అన్నం మానెయ్యండి. తీపి ముట్టుకోవద్దు. జొన్నరొట్టె, ఆకుకూరలు, గుడ్డు, పప్పు, ఇవే మీ భోజనం. సుగరు దిగకపోతే ఈ పుండు మానదు. పుండు మానకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది. వేలితో ఆగితే అదృష్టం," అన్నారు. రోజంతా నిలబడి పాఠాలు చెప్పే మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నాకన్నా ఎక్కువ భయపడింది మా ఆవిడ. ఆవిడ భయానికి కారణం ఉంది. వాళ్ళ నాన్నది పెనుగంచిప్రోలు, కౌలుకి మిరప వేసేవాడు. ఆయనకీ సుగరే. మా పెళ్ళికి ముందే మొదట వేలు పోయింది, తర్వాత మోకాలి కింద దాకా కాలు పోయింది, ఆ తర్వాత మనిషే పోయాడు. తల్లీ కూతుళ్ళిద్దరూ కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాశారట. ఆయన మాత్రం ఎప్పుడడిగినా "దేవుని తోడమ్మా, నేను తీపి ముట్టుకోలా" అనేవాడట. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మా ఆవిడ ఆయన తుండుగుడ్డ మూట విప్పి చూస్తే అందులో బెల్లం ముక్క దొరికింది. "ఎడ్లకి పెడదామని తెచ్చానమ్మా" అన్నాడట ఆయన. ఆ రోజు నుంచి ఇంట్లో ఆయన మాట నమ్మిన వాళ్ళు లేరు. కాలు తీసిన రోజున కూడా ఆయన అదే మాట చెప్పాడట. మా పెళ్ళయిన కొత్తలో ఈ కథ నాకు చెప్పినప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు, కోపమే ఉంది. "నోటి తీపి కోసం మా నాన్న ప్రాణం పోగొట్టుకున్నాడు. పోగొట్టుకున్నా ఫర్వాలేదు, మాకు అబద్ధాలు చెప్పి పోగొట్టుకున్నాడు" అంది.

అందుకని నాకు సుగరని తేలిన రోజే నేను ముద్దాయినయ్యాను.

ఇక తిండి. డాక్టరు గారు నోటితో చెప్పేసిన జాబితాకి ప్రైవేటు బడి జీతం ఎక్కడ సరిపోతుంది? అందులోనూ ఆ జీతం ఎప్పుడొస్తుందో మా కరస్పాండెంటుకే తెలియదు. మాత్రలకే సగం పోయేది. కానీ మా ఆవిడ ఆ మిగిలిన సగంతోనే నన్ను బతికించి తీరాలని పట్టుబట్టింది. కూరగాయల మార్కెట్‌కి పొద్దున వెళ్ళడం మానేసి, బుట్టలు సర్దుకునే వేళకి వెళ్ళేది. ఆ వేళకి కాయలు వడలవు, అమ్మే మనిషి వడిలిపోతుంది, అప్పుడు అడిగిన ధరకే ఇస్తుందని ఆవిడ సిద్ధాంతం. గుడ్లు టోకున అమ్మే కొట్లో చిట్లిన గుడ్లు చవకగా ఇస్తారని కనిపెట్టింది. వాటిని ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని, కొట్టువాడు విసుక్కునేదాకా వాసన చూసి తెచ్చేది. ఉలవలు కిరాణా కొట్లో కొనేది కాదు, పశువుల దాణా అమ్మే చోట కొనేది. "గేదెలు తినేవీ మనం తినేవీ ఒకటే ఉలవలు. కిరాణా వాడు సంచి మార్చి ధర పెంచుతాడు, అంతే" అనేది. ఇంటివాళ్ళ మునగచెట్టు కొమ్మ మా గోడ మీదికి వాలితే, ఆ కొమ్మ ఆకు మాదేనని ఇంటావిడతో నయాన వాదించి గెలిచింది. వారంలో సగం రోజులు మా ఇంట్లో మునగాకు పప్పే.

కొన్నది ఏదీ నమ్మేది కాదు. పసుపు కొంచెం నీళ్ళలో వేసి రంగు దిగుతుందేమో చూసేది. కందిపప్పు నానబెట్టి, ఆ నీళ్ళు కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసేది. పాలవాడు ముందుగా తన చెంబు బోర్లించి చూపించాకే గేదె దగ్గర కూర్చోవాలి. ఒకసారి అతను చూపించకుండానే పితకడం మొదలుపెడితే, ఆ పాలన్నీ అతన్నే తాగమని చెప్పి వచ్చేసింది. నాకు అప్పట్లో ఇదంతా ముచ్చటగానే ఉండేది. మన తరఫున ఒక మనిషి లోకాన్నంతా అనుమానిస్తుంటే మనకు హాయిగానే ఉంటుంది. ఆ అనుమానం మన మీదికి తిరిగినప్పుడే తెలుస్తుంది దాని వాడి.

నాకు అన్నం బందయింది గానీ ఆవిడకీ మా ఆడపిల్లలిద్దరికీ అన్నమే. రేషను బియ్యం. ముక్కిన వాసన పోవాలంటే వాటిని గిన్నెలో ఎక్కువ నీళ్ళు పోసి ఉడికించి వార్చాల్సిందే. వార్చిన గంజి చిక్కగా, తెల్లగా ఒక తపేలా నిండా వచ్చేది. ఆ గంజిలో ఒక్క చుక్క కూడా ఆవిడ పారబోసేది కాదు. బియ్యంలో ఉన్న బలమంతా గంజిలోనే దిగుతుందని వాళ్ళ అమ్మ చెప్పేదట, మా అమ్మా అదే చెప్పేది, మెట్ట ఊళ్ళలో కూలికి పోయే ప్రతి ఇంటికీ అది తెలిసిన సంగతే. అన్నం మానేసిన కొత్తలో నాకు కళ్ళు తిరిగేవి, బోర్డు మీద రాస్తుంటే చేయి వణికేది. దానికి ఆవిడ వైద్యం గంజే. పొద్దున్నే చెంబుడు గంజిలో మజ్జిగ కలిపి, ఉప్పేసి, ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చేది. మధ్యాహ్నానికి సీసాలో పోసి బడికి పంపేది. ఉలవచారులో నీళ్ళకి బదులు గంజి పోసేది. తీపి లేదు, నూనె లేదు, ఖర్చు లేదు. "అన్నం మీకు, నీళ్ళు నాకా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. "నీళ్ళలోనే ఉంది సత్తువంతా, తాగండి" అనేది.

జొన్నరొట్టె సంగతి కూడా చెప్పాలి. మా వైపు జొన్నలు పండుతాయి గానీ రొట్టె తట్టే చేయి గరికపాడు అవతలి తెలంగాణ వాళ్ళదే. మా ఆవిడ తడితే రొట్టె పెనం మీదికి చేరేలోపు నాలుగు చెక్కలయ్యేది. వేడినీళ్ళతో కలపమని ఎవరో చెప్పారు. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి వేడి గంజితో కలిపింది. పిండి బంకలాగా పట్టుకుంది, రొట్టె గుండ్రంగా చిరగకుండా వచ్చింది. ఆ రోజు ఆవిడ మొహంలో సంతోషం చూడాలి. అప్పటినుంచి గంజి లేకుండా రొట్టె లేదు.

బట్టలకి కాస్త గంజి పెట్టమని మాత్రం అడగకూడదు. మా బడిలో హిందీ మాస్టారు పలకలాంటి చొక్కాతో వచ్చేవారు, నేను ముడతల చొక్కాతో. ఒకసారి అడిగి చూశాను. "తాగే గంజి గుడ్డలకి పోస్తారా ఎవరన్నా?" అంది. మళ్ళీ అడగలేదు.

నెల తర్వాత పరీక్ష చేయిస్తే సుగరు దిగలేదు సరికదా, పెరిగింది.

డాక్టరు గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "ఏం తింటున్నారు?" అన్నారు. చెప్పాను. "అన్నం?" లేదండి అన్నాను. "స్వీట్లు?" ముట్టుకోలేదండి అన్నాను. "ముట్టుకోలేదండి" అని ఆయన నా మాటే నాకు నెమ్మదిగా తిరిగి చెప్పారు. ఆ గొంతు నాకు తెలుసు. హోంవర్కు చేసి పుస్తకం ఇంట్లో మర్చిపోయానన్న పిల్లాడితో నేను మాట్లాడే గొంతు అది.

ఆ రోజు నుంచి మా ఇల్లు పోలీసు స్టేషనయింది. జేబు సోదా మొదలైంది అప్పుడే. పంచదార డబ్బాలో పంచదార పైన చదును చేసి వేలితో సిలువ గీసేది మా ఆవిడ. సిలువ చెదిరిందంటే నేను చెయ్యి పెట్టినట్టు. ఒకరోజు మా చిన్నది టీలోకి తీసుకుని సిలువ చెరిపేసింది. ఆ సాయంత్రమంతా నేను సంజాయిషీ చెప్పుకున్నాను. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర చిన్న గ్లాసుతో ద్రాక్షరసం ఇస్తారు, గుక్కెడు కూడా ఉండదు. ఒకసారి చూస్తే ఆడవాళ్ళ వైపు నుంచి ఆవిడ మెడ చాచి నా గ్లాసు వంకే చూస్తోంది. ఇంటికొచ్చాక, "ఆ గుక్క కూడా మానెయ్యమంటే పాస్టరు గారితో నువ్వే మాట్లాడు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆలోచించింది.

తర్వాత హిందీ మాస్టారిని కూడా కలుపుకుంది. ఆయనా నందిగామ నుంచే బస్సులో వచ్చేవారు. మా ఆవిడా వాళ్ళ ఆవిడా మార్కెట్ దగ్గర మాట్లాడుకునేవాళ్ళు. ఒకసారి గరికపాడులో దాబా నడిపే ఒక పిల్లాడి తండ్రి, కొడుకు పదో తరగతి పాసయ్యాడని మాస్టార్లందరినీ భోజనానికి పిలిచాడు. వెళ్ళకపోతే ఆ మనిషి నొచ్చుకుంటాడు. వెళ్ళి నేను ఒక రొట్టె, ఉల్లిపాయ, పప్పు తిన్నాను. చివర్న అందరికీ జిలేబీలు వేశారు. నా ప్లేటులోవి హిందీ మాస్టారి ప్లేటులోకి జరిపాను, ఆయన రెండు వాటాలూ తిన్నారు. మర్నాడు మా ఆవిడకి చేరిన వార్త ఇది: దాబాలో సోషల్ మాస్టారి ప్లేటులో జిలేబీలు వేశారు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. మిగతా సగమే లేదు.

"తినలేదు" అన్నాను.

"మీ ప్లేటులో వేశారా లేదా?"

"వేశారు."

"మరి ఏమయ్యాయి?"

"ఆయనే తిన్నాడు. వెళ్ళి అడుగు."

"అడిగా. వాళ్ళావిడ, 'మా ఆయనకి జిలేబీ పడదు' అంది."

నాకు కోపం నషాళానికి అంటింది. కంచం జరిపేసి లేచాను. "తిని ఉంటే తిన్నానని చెప్పేవాణ్ణి. నీకు భయపడి అబద్ధమాడే ఖర్మ నాకేంటి? దేవుని తోడు, నేను తీపి ముట్టుకోలా," అన్నాను.

ఆవిడ గరిటె కింద పెట్టి నా వంక చూసింది. "మా నాన్న కూడా ఇదే మాట అనేవాడు" అంది. చచ్చిన మనిషితో పోటీపడి ఎవరు గెలుస్తారు? ఆయన వదిలి వెళ్ళిన చెడ్డపేరు నాకు వాటాకొచ్చింది.

అప్పుడు నేనూ అనుమానించడం మొదలుపెట్టాను. ముందు ల్యాబు వాణ్ణి. నా రక్తం ఎవరి రక్తంతోనో కలిపేశాడని పక్క సందులో ఇంకో ల్యాబులో ఇచ్చాను. అక్కడ ఇంకాస్త ఎక్కువ వచ్చింది. తర్వాత పిండిమర. ముందు ఎవరిదో గోధుమో బియ్యమో పట్టి, ఆ మిగులు నా జొన్నపిండిలో కలుపుతున్నాడని, ఒక సెలవురోజు నేనే సంచి పట్టుకుని వెళ్ళి జొన్నలు తెచ్చిన మనిషి వెనకే వరసలో నిలబడి, పిండి పడే గొట్టం దగ్గర నుంచి కదలకుండా పట్టించాను. పిండి దుమ్ముతో తెల్లబడి ఇంటికొస్తే మా ఆవిడ నా మొహం మీది పిండిని కూడా అనుమానంగానే చూసింది. మర తప్పేమీ లేదు. మాత్రలు నకిలీవేమోనని మందుల షాపు మార్చాను. ఆ మందులకీ దిగలేదు. ఆఖరికి నన్ను నేనే అనుమానించుకునే దాకా వచ్చింది. పరధ్యానంలో ఎవరో పెట్టింది తినేస్తున్నానా? స్టాఫు రూములో పుట్టినరోజు చాక్లెట్లు పంచితే నా చెయ్యి వంక నేనే చూసుకునేవాణ్ణి. తప్పు చేయని మనిషిని రోజూ తప్పు చేశావంటుంటే కొన్నాళ్ళకి అతనికీ ఆ తప్పు గుర్తొచ్చినట్టే ఉంటుంది.

ఈలోపు వేలు నల్లబడింది. చెప్పులో పెడితే నొప్పి తెలియడం మానేసింది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. డాక్టరు గారు మూడోసారి కాగితం చూసి, దాన్ని బల్ల మీద పెట్టి, "మాస్టారూ, మీరు నాతో నిజం చెప్పడం లేదు. ఈసారి మీ ఆవిడను తీసుకురండి" అన్నారు. ఆ రోజు బస్టాండులో కూర్చుని నేను ఏడ్చాను. వేలు పోతుందని కాదు. వేలు పోయినా కూడా నేను దొంగగానే మిగులుతానని.

మా ఆవిడ సంతోషంగానే వచ్చింది. ఇన్నాళ్ళకి ఎవరో పెద్దమనిషి తన మాట వినబోతున్నాడు కదా. కొంగు భుజం మీదుగా కప్పుకుని, డాక్టరు గారి ఎదురుగా కూర్చుని, అడగకముందే మొదలుపెట్టింది. ఆవిడ ఉద్దేశం నాకు స్పష్టంగా తెలుసు. ఇంట్లో ఏ లోపమూ లేదని తేల్చేస్తే, ఇక తప్పంతా నందిగామకీ పేటకీ మధ్య రోడ్డు మీదే ఉన్నట్టు.

"మా ఇంట్లో తీపి అన్న మాటే లేదండి. పంచదార డబ్బా నా కళ్ళ ముందే ఉంటది. అన్నం ఒక్క మెతుకు పెట్టనండి. పొద్దున్నే మజ్జిగ కలిపి గంజి ఇస్తా. మధ్యాహ్నం రొట్టె, ఆకుకూర, సీసాలో మళ్ళీ గంజి. రాత్రికి ఉలవచారు, అందులోకి కూడా గంజే పోస్తానండి, బలం ఉండాలిగా. రొట్టె పిండి కూడా..."

డాక్టరు గారి పెన్ను ఆగింది. "ఏ గంజమ్మా?" అన్నారు.

"మాకు వండిన అన్నం వార్చిందండి. ఒక్క చుక్క పారబొయ్యను. అంతా ఈయనకే."

"రోజూనా?"

"రోజూనండి. మూడు పూటలా."

ఆయన కళ్ళజోడు తీసి కాసేపు కళ్ళు నలుపుకున్నారు. ఎప్పుడూ కటువుగా మాట్లాడే ఆ మనిషి అప్పుడు మాత్రం చాలా మెల్లగా మాట్లాడారు. "గంజి అంటే కరిగిన అన్నమే కదమ్మా. నమిలే పని కూడా లేకుండా లోపలికి పోతుంది. తిన్న అన్నం కన్నా త్వరగా సుగరు పెంచుతుంది. మీ ఆయన అన్నం మానలేదు. తాగుతున్నాడు, అంతే. ఆయన అబద్ధం చెప్పలేదు. నేనే సరిగ్గా అడగలేదు," అన్నారు.

బయటికి వచ్చాం. నెలల తరబడి మనసులో కూర్చుకున్న మాటలన్నీ నా నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. జేబు గురించి, సిలువ గురించి, జిలేబీల గురించి. నిజం చెప్పాలంటే ఆ క్షణం కోసమే నేను బతికున్నట్టుంది. గాంధీ సెంటరు వైపు నడుస్తూ, మొదటి మాట ఏది అందామా అని ఏరుకుంటున్నాను. వెనక ఆవిడ అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే మూసి ఉన్న ఒక కొట్టు మెట్టు మీద కూర్చుని ఉంది.

"లే. ఎండగా ఉంది," అన్నాను.

"మా నాన్నకీ ఇదే ఇచ్చామండి" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అన్నం మానిపించి గంజే పోశాం. అమ్మ కలిపేది, నేను తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. చేలో ఉంటే చేలోకి తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. వద్దమ్మా, మొహం మొత్తింది అంటే బలవంతాన తాగించా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎడ్లకే తెచ్చాడేమోనండి ఆ బెల్లం."

నాలుక చివరి మాటలన్నీ వెనక్కి పోయాయి. పక్కన కూర్చున్నాను. దారినపోయేవాళ్ళు చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను. ఆవిడ ఏడవలేదు. నా కాలి కట్టు వంక చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుంది. నా నేరం కొట్టేసినందుకు నాకు కలగాల్సిన సంతోషం కలగలేదు. ఆ తీర్పు నాకన్నా ముందు రావాల్సిన మనిషి ఇంకొకడున్నాడు. అది వినడానికి ఆయన లేడు.

గంజి మానేశాక సుగరు దిగడం మొదలైంది. ఒక్క రోజులో కాదు, కానీ ప్రతి పరీక్షకీ దిగింది. రొట్టెలు మళ్ళీ చెక్కలవడం మొదలుపెట్టాయి, ఆ చెక్కలే ఉలవచారులో ముంచుకుని తిన్నాను. చవక తిండి తప్పు కాదు. చిట్లిన గుడ్లు, మునగాకు, దాణా కొట్టు ఉలవలు, అవన్నీ నన్ను బతికించినవే. పుండు చుట్టూ ఎర్రటి కొత్త చర్మం కనిపించిన రోజు డాక్టరు గారు నా వేలిని ఇటూ అటూ తిప్పి చూసి, "ఉంచుకోండి మీ వేలు" అన్నారు.

కానీ రేషను బియ్యం వార్చక తప్పదు, గంజి రాక తప్పదు. ఇంత గంజి ఏం చేయాలి? పారబోయడం ఆవిడకి చేతకాదు. ఒక సోమవారం పొద్దున్న నా చొక్కా తీస్తే అట్టలాగా నిలబడింది. పంచె కూడా అంతే. ఆ వారమంతా నేను హిందీ మాస్టారి కన్నా నిటారుగా బడికి వెళ్ళాను. మెడ దగ్గర కాలరు ఒరుసుకుని మంట పుట్టేది. వద్దని చెప్పలేదు. ఆవిడ ఆ గంజిని నా గుడ్డలకు ఎందుకు పోస్తోందో నాకు తెలుసు.

గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కాకి జేబు అంటుకుపోతుంది. పెన్ను పెట్టాలంటే గోటితో లాగి తెరవాలి, పర్రుమని చప్పుడవుతుంది. అది చూశాక నాకొక బుద్ధి పుట్టింది. అలవాటైపోయిన అనుమానం అంత తేలిగ్గా పోదు కదా, ఆవిడకైనా నాకైనా. ఒకరోజు పెన్ను సంచిలో పెట్టుకుని, జేబు తెరవకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాగే ఉంచాను. బస్సులో చిల్లర కూడా చేతిలోనే పట్టుకున్నాను. ఇంటికొచ్చి చొక్కా మేకుకి తగిలించి పెరట్లోకి వెళ్ళాను. నీళ్ళు ఎప్పటికన్నా ఎక్కువసేపు పోసుకున్నాను, కావలసినంత టైము ఇవ్వాలని. తలుపు సందులోంచి చూడలేదు. చూడాలని మాత్రం ఉంది.

లోపలికి వచ్చాక ఆవిడ స్టవ్వు దగ్గర అటు తిరిగి ఉంది. మేకు దగ్గరికి వెళ్ళి జేబు మీద వేలు రాశాను. ఇస్త్రీ మడత మడతలాగే అంటుకుని ఉంది.

"తెరవలేదులెండి" అంది ఆవిడ వెనక్కి తిరగకుండానే.

నేను చొక్కా వదిలేసి కంచం ముందు కూర్చున్నాను. విరిగిన రొట్టె చెక్కలు కంచంలో సర్దింది, ఉలవచారు గిన్నె పక్కన పెట్టింది. కాసేపటికి, నాతో కాదన్నట్టుగా, మెల్లగా అంది.

"ఆ తుండుగుడ్డ కూడా విప్పకుండా ఉండాల్సింది."

రొట్టె ముక్క చారులో ముంచి తిన్నాను. ఆవిడ పక్కనే కూర్చుని, నేను తినడం అయ్యేదాకా లేవలేదు.